పుల్లలకు పోయానని చెప్పలేదు

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను భూపాలపల్లిలో ఆఫీసులో ఉన్నాను. కాగితాలు పట్టుకొని నలుగురైదుగురు నా బల్ల ముందు నిలబడి ఉన్నారు. "పొద్దుగాల చాయ పెట్టుకుంటనే ఒరిగిందట బిడ్డా. పొయ్యి సుత బందు చెయ్యలే" అని అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. మామూలుగా నేను తొందరగా ఏడుస్తాను. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ రోజు మాత్రం ఒళ్లంతా కోపం వచ్చింది. హన్మకొండ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. ఆ దారంతా పళ్లు బిగబట్టుకొనే కూర్చున్నాను. దవడలు నొప్పి పుట్టాయి.

పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. నెల్లికుదురు దగ్గర పల్లెలో ఉండేది. పిల్లలు లేరు. ఆమెను తలుచుకుంటే నాకు మొదట కనబడేది చొక్కా. చీర మీద పెద్దనాయిన పాత చొక్కా తొడుక్కునేది. మా దిక్కు పత్తి ఏరే ఆడవాళ్లందరూ చేతులు గీసుకుపోకుండా మగవాళ్ల చొక్కాలు తొడుక్కుంటారు. చేనులోంచి ఇంటికి రాగానే విప్పి దండెం మీద వేస్తారు. పెద్దమ్మ విప్పేది కాదు. ఆమెకు జేబు అలవాటైపోయింది. "ఆడోళ్ల బట్టలకు జేబు పెట్టనోన్ని తన్నాలె" అనేది. ఆ జేబులో వేయించిన చింతగింజలు, మందుల చీటీ, పళ్లు ఊడిన దువ్వెన ఉండేవి. ఎప్పుడూ ఒక చింతగింజ బుగ్గన ఉండేది కాబట్టి ఆమె మాట కొంచెం లావుగా వచ్చేది.

కోళ్లకు చుట్టాల పేర్లు పెట్టింది. అడ్డమైనచోటల్లా ముక్కు పెట్టి కెలికే ఎర్రకోడిని "నర్సింహులపేటదానా, అవుతలికి పో" అని తోలేది. నర్సింహులపేటలో ఉండేది ఆమె ఆడబిడ్డ, పెద్దనాయిన చెల్లెలు. నాకు అత్తమ్మ వరస. ఎన్నడన్నా అత్తమ్మ ఇంట్లో ఉండగా ఆ కోడి వంటింట్లోకి వస్తే పెద్దమ్మ నోరు మూసుకొని, చింతగింజను ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుంటూ నా దిక్కు చూసేది. నేను నవ్వు ఆపుకోలేక గోడ దిక్కు తిరిగేదాన్ని.

పెద్దనాయిన బోరు మోటర్లు బాగుచేసేవాడు. మూడేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు మొత్తం పడిపోయింది. మాట కూడా పోయింది. మిగిలింది ఎడమ చెయ్యి, గొంతులో ఒక మూలుగు. నేను అప్పుడే డిగ్రీ అయిపోయి, ఏదో పోటీ పరీక్షకు చదువుతున్నానని చెప్పి, లైబ్రరీ నుంచి తెచ్చిన నవలలు చదువుకుంటూ ఇంట్లో ఉన్నాను. మా ఊరు లింగాల ఘనపూర్ దగ్గర. "గా పుస్తకాలు ఆడ సుత చదవొచ్చు. పోయి పెద్దమ్మకు జర ఆసర ఉండు" అని అమ్మ నన్ను పంపింది. నాలుగు నెలలున్నాను.

రెండు గంటలకోసారి ఆయనకు పక్క మార్చాలి. ఆయన పొడుగు మనిషి. పెద్దమ్మ ఆయన భుజం కిందికి వచ్చేది. ఒక మోకాలు మంచం మీద ఆనించి, ఆయన చంకలో చేతులు పెట్టి, "ఐదు హెచ్‌పీ మోటర్ లేపినట్టు లేపుతున్న నిన్ను. ఇన్నేండ్లు నువ్వు లేపినవు, ఇప్పుడు నా వంతు" అని ఒక్క ఊపున తిప్పేది. వీపు తుడిచి పౌడర్ వేసేది. మూత్రం పైపు చూసేది. జావ తాగించేది. సగం జావ మూతి పక్క నుంచి కారిపోయేది. తుడిచి మళ్లీ తాగించేది. తిట్టేది కూడా. తిట్టకుండా ఆమె ఏ పనీ చేయలేదు. నేను ఉన్న నాలుగు నెలల్లో ఆయన వీపు మీద ఒక్క పుండు పడలేదు. ఈ మాట కావాలనే రాస్తున్నాను.

ఇంత పనిలో ఆమెను నిజంగా అలిసిపోయేట్టు చేసింది రోగి కాదు, పలకరించ వచ్చేవాళ్లు. మంచాన పడ్డ మనిషిని చూడరాకపోతే తప్పు. ఒట్టి చేతులతో వస్తే ఇంకా తప్పు. అందుకని ప్రతివాళ్లూ ఒక బ్రెడ్డు ప్యాకెట్ పట్టుకొని వచ్చేవాళ్లు. వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చొని, "అసలు ఎట్లయింది? మొదటికెల్లి చెప్పు" అనేవాళ్లు. అప్పుడు ఇంటావిడ మొదటి నుంచి చెప్పాలి. చెబుతూ ఏడవాలి. వాళ్లు కూడా ఏడుస్తారు. తరవాత చాయ తాగి పోతారు. మొదటి నెల పెద్దమ్మ నిజంగానే ఏడ్చిందట. నేను వెళ్లేసరికి ఆమె ఆ కథను బస్సు కండక్టర్ ఊళ్లు చదివినట్టు చదివేది. "పొద్దుగాల లేసిండు, పండ్లు తోముకుండు, బకెట్ ఎత్తబోయిండు, పడ్డడు. మానుకోట దవాఖాన, ఆడికెల్లి వరంగల్ దవాఖాన, మల్ల ఇల్లు. బ్రెడ్డు గా గూట్లె పెట్టు." వాళ్లు ముఖముఖాలు చూసుకునేవాళ్లు. ఏడుపు దొరక్కుండానే లేచిపోవాల్సి వచ్చేది వాళ్లకు. బ్రెడ్డు చాలావరకు పక్కింటి మేకలే తిన్నాయి.

ఇక పెద్దమ్మకు రోజూ దొరికే ఒక గంట గురించి చెప్పాలి.

మధ్యాహ్నం జావ తాగించి, పక్క మార్చి, పైపు చూసిన తరవాత పెద్దనాయిన ఎడమ చెయ్యి లేపేవాడు. మంచం మీద నుంచి రెండుసార్లు బయటికి ఊపేవాడు. పో, అని.

"పోతున్నగని, ఏందా తోలుడు? నేనేమన్న బర్రెనా?" అనేది పెద్దమ్మ.

ఆయన మళ్లీ ఊపేవాడు. ఇంకా గట్టిగా.

"ఈ పోరి కత చదువుతది, విను. నా లెక్క తిట్టది. ఓ బిడ్డా, నిద్రవోతున్నట్టు నటిస్తడు, నమ్మకు. చదువుడు ఆపినవంటె మూలుగుతడు." ఆమె భుజం మీద తువ్వాల వేసుకొని, దొడ్డి తలుపు తీసుకొని, పత్తి చేను గట్టు మీదుగా కాల్వ దిక్కు నడిచేది. కాల్వ గట్టు మీద కానుగ చెట్లున్నాయి. అక్కడ తువ్వాల పరుచుకొని పడుకునేది. ఒక గంట. అంతే. నేను పిలిస్తే వినబడేంత దూరం కాదు, పరుగెత్తితే చేరేంత దూరం.

"ఆడ ఏం జేస్తవు పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఏం జెయ్య."

"నిద్రపోతవా?"

"వస్తె పోత. రాకుంటె ఆకులు చూస్త. గాలికి వాటంతట అవే అటిటు తిరుగుతయి చూడు. వాటికి నేను పక్క మార్చే పని లేదు."

ఆ గంట ఆమె ఒక్కదానిదే కాదని నాకు నెమ్మదిగా అర్థమైంది. ఆయనకు కూడా అది కావాలి. పెద్దమ్మ కళ్లముందు ఉన్నంతసేపూ ఆయన కళ్లు ఆమె వెంటే తిరిగేవి, ఏదో తప్పు చేసినవాడిలా. ఆమె వెళ్లాక ముఖం వదులయ్యేది. నేను చదువుతుంటే వినేవాడు. కొన్నిసార్లు చెయ్యి లేపి చాలు అనేవాడు. అప్పుడు పుస్తకం మూసి, ఇద్దరం ఏమీ మాట్లాడకుండా కూర్చునేవాళ్లం. నాకు మాటలు రావు, ఆయనకు మాట లేదు. మాకు బాగానే కుదిరింది.

ఒకసారి దవాఖాన నర్సమ్మ పైపు మార్చడానికి ఆ వేళకే వచ్చింది. కొత్త పైపు పెద్దమ్మ ఎక్కడో దాచింది. నర్సమ్మను ఆయన దగ్గర కూర్చోబెట్టి నేను కాల్వ దిక్కు పరుగెత్తాను. పెద్దమ్మ చొక్కాలోనే వెల్లకిలా పడుకొని ఉంది. రెండు చేతులూ బార్లా చాపింది. నోరు తెరుచుకొని ఉంది. మోచేతి మీద చీమ పాకుతున్నా తెలియడం లేదు. ఇంట్లో ఆమె పడుకోవడం నేను చూశాను. ఒక చెవి మంచం దిక్కే పెట్టి, ముడుచుకొని పడుకునేది. ఇక్కడ పరుచుకొని ఉంది, ఎవరో బట్టను పిండి ఆరేసినట్టు. నేను లేపలేదు. వెనక్కి వచ్చి, ఇల్లంతా వెతికి, బియ్యం డబ్బా వెనక దొరకబట్టి ఇచ్చాను. "మీ పెద్దమ్మేది?" అని నర్సమ్మ అడిగితే "చేనుకాడ పని ఉండె" అన్నాను. ఆమె కోసం నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం చెప్పలేదు.

గొడవ జరిగిన రోజు కూడా పెద్దమ్మ మామూలు వేళకే వెళ్లింది. నేను చాయలో బ్రెడ్డు ముంచి పెద్దనాయినకు పెడుతున్నాను. వాడ మలుపులో ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. వెంటనే ఏడుపు.

నర్సింహులపేట అత్తమ్మ వచ్చింది. అంతకు రెండు నెలల ముందే ఆమె భర్త పోయాడు. మా దిక్కు మొగడు పోయిన ఆడది మొదటిసారి తల్లిగారింటికి వచ్చినప్పుడు వాడ మలుపులోనే ఏడుపు ఎత్తుకుంటుంది. అన్నదమ్ముల మెడ పట్టుకొని, రాగం తీసి, పోయినవాణ్ని ఉన్నవాణ్ని కలిపి ఏడుస్తుంది. అదొక పద్ధతి. అత్తమ్మ గొంతు పెద్దది. "ఓ నా అన్నా... నాకు దిక్కెవలే అన్నా... నన్ను ఇడిచిపెట్టి పాయెనే..." అంటూ ఇంట్లోకి వచ్చి మంచం మీద పడింది. వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూడా అందుకున్నారు.

వాడలో వాళ్లకు వినబడింది 'అన్నా', 'పాయె' అనే మాటలు, మంచాన పడ్డవాడి ఇంట్లోంచి ముగ్గురి ఏడుపు. ఇంకేం కావాలి? ఎదురింటి ముసలమ్మ దొడ్లోకి పోయి చేన్ల దిక్కు కేకేసింది. పత్తి ఏరేవాళ్లు ఒక చేనులోంచి ఇంకో చేనుకు అందించారు. "ఓ అక్కా, ఉరుకు! నీ మొగడు పాయె!" అని చివరి చేనులో ఎవరో కాల్వ గట్టు దిక్కు అరిచారు. ఆ అరుపు మా ఇంట్లోకి కూడా వినబడింది. నేను "అయ్యో, పోలేదు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

పెద్దమ్మ పత్తి చేనుకు అడ్డంబడి వచ్చింది. ఒక కాలికే చెప్పు ఉంది. జుట్టు ఊడిపోయింది. తువ్వాల లేదు. చెంప మీద గడ్డి అచ్చు ఇంకా ఉంది. అప్పటికే వాకిట్లో ఇరవై మంది పోగయ్యారు. వాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు, శవం దగ్గరికి దారి ఇచ్చినట్టు. ఆమె గడపలో ఆగింది. ఆనుకొని కూర్చున్న పెద్దనాయిన నోట్లో సగం బ్రెడ్డు ముక్క ఉంది.

ఆమె ఆయన్ను చూసింది. అత్తమ్మను చూసింది. నా చేతిలో గ్లాసు చూసింది. గడపలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "ఓ అయ్యా, నువ్వు సచ్చినవంటగా! చాయ తాగుతున్నవేంది మరి?"

పెద్దనాయిన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నాకు మొదట అర్థం కాలేదు. ఆయన కూడా నవ్వుతున్నాడు. మూతి ఒక పక్కకే నవ్వింది, బ్రెడ్డు బయటికి వచ్చింది. ఆయనకు జబ్బు చేసిన తరవాత అది మొదటి నవ్వు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకొని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వారు. అంత మందిలో ఇంకెవరూ నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు. భయంతో గ్లాసు పట్టుకొని నిలబడ్డాను.

"నవ్వొస్తుందా వదినె?" అంది అత్తమ్మ. "మొగడు సచ్చిండని చెప్తే నవ్వుకుంట వస్తవా? ఏడికి పోయినవ్?"

"కాల్వ గట్టుకు."

"ఏం పని మీద?"

"పని లేదు. పండుకున్న."

పుల్లలకు పోయిన అంటే అయిపోయేది. గడ్డికి పోయిన అన్నా, మోటర్ చూడపోయిన అన్నా అయిపోయేది. తరవాత మా అమ్మ ఈ మాటే ఎన్నిసార్లు అన్నదో. "ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయె దానికి? పుల్లలకు పోయిన అంటే నోర్లు మూసుకునేటోళ్లు." మా ఆడవాళ్లు బయటికి ఎప్పుడూ ఏదో ఒక పనికి పోతారు. నెత్తి మీద ఏదో ఒకటి లేకుండా ఇంటికి తిరిగి రారు. ఒట్టి చేతులతో వెళ్లి, ఒట్టి చేతులతో వచ్చి, పడుకున్నానని చెప్పిన ఆడదాన్ని ఆ వాకిట్లో వాళ్లు అంతకుముందు చూసి ఉండరు.

ఆ ఆదివారం పెద్దమనుషుల్లాగ అందరూ కూర్చున్నారు. పెద్దనాయిన తమ్ముడు చిన్నాయన, అత్తమ్మ, దాయాదులైన ఇద్దరు పాలోళ్లు, మా అమ్మ. పెద్దమ్మను నడుమ నిలబెట్టలేదు. కానీ ఎవరూ కూర్చోమని అనలేదు. ఆమె స్తంభానికి ఆనుకొని ఉంది, అదే చొక్కాలో.

"ఒకదిక్కు మొగడు కట్టె లెక్క పడి ఉంటే, గాలికి పోయి పండుకుంటదా?" అన్నాడు చిన్నాయన. "ఊరు నవ్వుతుంది వదినె. మావోడు అన్నం లేకుండనే సస్తడేమో అని భయమైతుంది మాకు."

"వచ్చి నువ్వు పెట్టు. నేను పక్క మారుస్త, నువ్వు పైపు చూడు" అంది పెద్దమ్మ.

"చూసిండ్రా నోరు!" అంది అత్తమ్మ. తరవాత నా దిక్కు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. సదువుకున్నదానివి. దినాం పోయేదా? నీ మీద ఏసి పోయేదా? మా అన్న ఏమనేటోడు?"

నాకు అంతా తెలుసు. ఆయన చెయ్యి ఎట్లా ఊపేవాడో తెలుసు. ఒక రోజు ఆమె వెళ్లనంటే మంచం పట్టె మీద కొట్టి మరీ పంపాడని తెలుసు. వీపు మీద పుండు లేదని తెలుసు. ఒక్క వాక్యం. "పెద్దనాయినే పంపేటోడు." ఇంతే చెప్పాలి. అందరి ముఖాలూ నా మీద ఉన్నాయి. నేను కింద పరిచిన చాప చూస్తూ ఉన్నాను. చాప అంచు ఎర్రగా ఉంది, ఒక మూల దారం ఊడింది. ఆ దారం నాకిప్పటికీ గుర్తుంది.

లోపలి గదిలో చప్పుడు మొదలైంది. పెద్దనాయిన ఎడమ చేత్తో మంచం పట్టెను కొడుతున్నాడు. ఠక్, ఠక్, ఠక్. ఆపకుండా.

"నీళ్లడుగుతున్నట్టున్నడు" అన్నారు ఎవరో. ఒకామె చెంబు పట్టుకొని లోపలికి వెళ్లింది. నీళ్లు తాగించినట్టున్నారు. కాసేపు ఆగింది. మళ్లీ మొదలైంది. ఆయన ఏమడుగుతున్నాడో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసనుకున్నాను. ఆ ఇద్దరిలో ఒకతె చాప దారం చూస్తున్నది.

పెద్దమ్మ నా దిక్కు ఒక్కసారి చూసింది. తరవాత, "దాన్నెందుకు అడుగుతరు? చిన్న పోరి. దానికేం తెలుసు" అంది. నన్ను తప్పించింది. "పోను తియ్యుండ్రి. ఇగ పోను."

చిన్నాయన తల ఊపాడు. అత్తమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. అందరికీ చాయ పెట్టింది పెద్దమ్మే.

ఆ సాయంత్రమే అమ్మ నన్ను ఇంటికి తీసుకుపోయింది. ఇంటికి వెళ్లి డైరీలో ఆరు పేజీలు రాశాను. నోటితో అనాల్సినవన్నీ పెన్నుతో అన్నాను. మంచి వాక్యాలు వచ్చాయి. ఆ డైరీని ఇప్పుడు తెరవాలంటే అసహ్యం వేస్తుంది.

పెద్దమ్మ మాట మీద నిలబడింది. తరవాత పెద్దనాయిన ఏడాది దాటి బతికాడు. అన్ని రోజులూ ఆమె దొడ్డి తలుపు దాటలేదు. చేను కౌలుకిచ్చింది. ఎండాకాలంలో నేను ఒకసారి వెళ్లాను. ఇంట్లో ఉడుకుతున్నది. "వాకిట్ల కూసుందాం రా పెద్దమ్మా, జర గాలి తగులుతది" అన్నాను.

"ఫ్యానుల గాలి వస్తలేదా?"

"గా గాలి వేరే కదా."

"నీకు గాలి కావాలంటే నువ్వు పో. ఎవలన్న అడిగితే పుల్లలకు పోయిన అను" అంది. నవ్వలేదు. బుగ్గన చింతగింజ లేదు. ఎర్రకోడిని అమ్మేసిందట. పెద్దనాయిన కళ్లు మూసుకొని పడుకొని ఉన్నాడు. నేను ఉన్న రెండు రోజుల్లో ఆయన చెయ్యి లేపలేదు. పుస్తకం తెచ్చాను, చదవనా అంటే ముఖం గోడ దిక్కు తిప్పుకున్నాడు. ఆమె తిట్లు కూడా మారాయి. ఇంతకుముందు తిడుతూ ఆయన్ను లేపేది. ఇప్పుడు లేపి తిడుతున్నది. "సావవు, సావనియ్యవు" అన్నది నా ముందే. ఆ మాట విని నేను ఆమె మీద కోపగించుకోలేదు. ఆ మాటను ఆమె నోట్లో ఎవరు పెట్టారో నాకు తెలుసు.

ఆయన పోయాక ఫోన్‌లో అన్నాను: "ఇప్పుడు పో పెద్దమ్మా కాల్వ గట్టుకు. ఎవలంటరు?"

"ఇప్పుడు పోయి ఏం జెయ్యాలె బిడ్డా? అలిసిపోయి పండితె అది పండుడు. ఇప్పుడు దినమంత పండుడే కద" అంది. తరవాత నా ఉద్యోగం గురించి అడిగింది. ఆఫీసులో బాత్రూం ఉన్నదా అని అడిగింది. మాటకు మాట చెప్పడం నేర్చుకొమ్మంది. ఆ చివరి మాట మామూలుగానే అన్నది. నన్ను పొడవాలని కాదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మొన్న పెద్దమ్మ పదకొండో రోజు. ఇంటి ముందు టెంటు వేశారు. ఫ్లెక్సీ కట్టారు. దాని మీద పెద్దమ్మ ఫోటో, చొక్కా లేకుండా, పట్టు చీరలో. "భర్త సేవలో తరించిన పుణ్యవతికి అశ్రునివాళి" అని రాయించాడు చిన్నాయన. భోజనాల ముందు ఆడవాళ్లంతా వరసగా కూర్చున్నారు. అత్తమ్మ వచ్చినవాళ్లకు చెబుతున్నది. "మా వదిన అసొంటి మనిషి మల్ల పుట్టది. మా అన్న మంచాన ఉన్నన్ని దినాలు గడప దాటలే. ఎండ మొఖం చూడలే. ఒక్క గంట ఇడిచిపెట్టి పోలే."

పక్కనున్నవాళ్లు చప్పరించి కళ్లు తుడుచుకున్నారు. ఆమె రాగం ఎత్తుకోబోయింది.

"పోయింది" అన్నాను.

ఈసారి నా గొంతు అందరికీ వినబడింది. అమ్మ నా మోచేయి పట్టుకుంది. "దినాం పోయింది అత్తమ్మా. దినాం ఒక గంట. పెద్దనాయినే పంపేటోడు. చెయ్యి ఊపి పంపేటోడు. నువ్వే బందు పెట్టిచ్చినవ్. మీరంత కూసొని బందు పెట్టిచ్చిండ్రు. ఇయ్యాల గడప దాటలేదని మెచ్చుకుంటున్నరు."

అత్తమ్మ అరుస్తుందని అనుకున్నాను. అరవలేదు. నా దిక్కు తిరిగి, మెల్లగా అంది.

"ఎరికే బిడ్డా."

"ఏమెరుక?"

"మా అన్నే పంపేటోడని. నాకు సుత చెయ్యి ఊపి చూపెట్టిండు గా దినమే. నేను పిచ్చిదాన్నా? నా తోడబుట్టినోడు ఏమంటుండో నాకు తెల్వదా?"

"మరి?"

"నా మొగడు నాలుగేండ్లు పడ్డడు మంచాన. నాలుగేండ్లు. ఎవలన్న నన్ను పో అన్నరా? జర గాలికి కూసో అన్నరా? గా సచ్చినోడు చెయ్యి బాగున్ననాడు సుత ఊపలే." ఆమె గొంతులో ఏడుపు లేదు. రాగం లేదు. "నేను గట్లున్నప్పుడు, గామె చెట్టు కింద పండి, నవ్వుకుంట వస్తె, నేనెట్ల ఊకుంట?"

ఈ మాట విన్నాక నాకు ఆమె మీద జాలి కలగాలి. నేను చదివిన పుస్తకాల్లో అయితే ఇక్కడ కలుగుతుంది. నాకు కలగలేదు. నీకు దక్కని గంటను ఇంకొకరి చేతిలోంచి గుంజి పారేస్తే నీకేం దక్కింది, అని అడగాలనిపించింది. అడిగాను కూడా. ఆమె లేచి వడ్డన దగ్గరికి వెళ్లింది. ఆమె నడుస్తుంటే ఒక కాలు ఈడుస్తున్నదని అప్పుడే చూశాను. చూసినా కోపం తగ్గలేదు.

తిరుగు బస్సులో అమ్మ నన్ను ఓదార్చాలని చూసింది. "ఇన్నవు గదా. వాళ్లకు అంత ఎరికే ఉండె. నువ్వు గానాడు చెప్పినా ఇననోళ్లే. నీ తప్పేం లేదు, ఊకో."

అమ్మ మంచితనంతోనే అంది. కానీ లెక్క అట్లా తేలదు. నేను చెప్పినా వాళ్లు ఆపేవాళ్లే, నిజమే. అత్తమ్మకు ముందే తెలుసని ఇప్పుడు నాకు తెలిసింది. నేను తన దిక్కే ఉన్నానని మాత్రం పెద్దమ్మకు తెలియదు. ఆ స్తంభం దగ్గర నిలబడి, లోపల మొగడు మంచం కొడుతుంటే, ఈ ఇంట్లో నోరున్నవాళ్లలో తన పక్కన ఒక్కరూ లేరని ఆమె అనుకున్నది. చచ్చిపోయేదాకా అట్లాగే అనుకున్నది. నేను ఆమెకు ఎదురుగా, చాప మీద, మూడడుగుల దూరంలో కూర్చొని ఉన్నాను.